రాజుగారి కొలతలు

ఆ ఆదివారం పొద్దున దర్జీ రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు. మొదటిసారి ఎప్పటిలాగే. రెండోసారి రాజుకు గీసినట్టు.

"నాన్నా, ఇంకా ఏం మిగిలిందని గీస్తున్నావు? తొందరగా రా, పదింటికల్లా స్టూడియోలో ఉండాలి," అని కొడుకు తలుపు కొట్టాడు.

"ఊఁ," అన్నాడు దర్జీ. రోజు మొత్తంలో ఆయన ఆడే మాటల్లో సగం ఆ ఒక్క మాటే.

యాభై ఏళ్ళుగా ఆయన పరాయివాళ్ళకు కోట్లు కుడుతున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద, ఫొటోల్లో, ఆయన కుట్టిన కోట్లున్నాయి. ఆ కోట్లలో మనుషులున్నారు. ఆయన మాత్రం ఎక్కడా లేడు. సొంత ఇంటి గోడ మీదా లేడు. ఎక్కడికి వెళ్ళినా కోడలు, "మామయ్యా, ఈ బటన్ నొక్కండి చాలు," అని కెమెరా చేతికిచ్చి వెళ్ళి మిగతావాళ్ళలో నిలబడేది. అలా తీసినవాటిలో ఒకదాంట్లో మాత్రం ఓ మూల ఆయన బొటనవేలు పడింది. అది బాగా రాలేదని తీసేశారు.

ఇప్పుడు హాల్లో సోఫా జరిపితే పెద్ద గోడ ఒకటి ఖాళీగా బయటపడింది. కోడలు ఎవరింట్లోనో చూసి వచ్చింది. ఇంటిల్లిపాదీ పాతకాలపు బట్టలు వేసుకుని, ఏ మూడు వందల ఏళ్ళ కిందటి బొమ్మలోలాగో కదలకుండా నిలబడి ఫొటో తీయించుకుంటారట. అచ్చం రంగుల బొమ్మలాగే అచ్చు వేసి ఇస్తారట. స్టూడియో అతను ఏ బొమ్మో కూడా చూపించాడు. నడిమధ్య కుర్చీలో రాజు, పక్కన రాణి, వెనక మంత్రి, కాళ్ళ దగ్గర బొచ్చుకుక్కను పట్టుకుని ఒక చిన్నపిల్ల, చీకటి మూలలో ఈటె పట్టుకుని ఒకడు. వెనక గోడకు ఒక గుండ్రటి అద్దం.

"బట్టలు బయట అద్దెకు తెస్తే చెమట కంపు మామయ్యా. మీరుండగా మనకేం ఖర్మ?" అని కోడలు కొలతల చీటీ ఇచ్చింది. రాణి పక్కన తన కొలతలు. మంత్రి పక్కన మొగుడివి. చిన్నపిల్ల పక్కన కూతురివి. ఈటెవాడి పక్కన, "ఎవరికైనా సరిపోయేలా." రాజు పక్కన ఏమీ లేదు.

దర్జీ ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. ఇంట్లో పెద్దవాడు ఎవరు? ఆయన కొలతలు ఆయనకే రాసివ్వడం దేనికని వదిలేసి ఉంటుంది. నోరు తెరిచి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కాదంటారేమోనని అడగలేదు.

మూడు వారాలు మిషను ముందునుంచి లేవలేదు. ముదురెరుపు మఖ్మలు, బంగారు అంచు, మెడచుట్టూ కుచ్చుల కాలరు. ఛాతీ ముప్పైనాలుగు. అంటే తనది. యాభై ఏళ్ళలో కొలత తప్పిందని ఆయన దగ్గరకు ఒక్క బట్ట వెనక్కి రాలేదు. తనకు తాను కుట్టుకున్న మొదటి మంచి బట్ట అది. ఒంటికి తోలు అతికినట్టు కుదిరింది.

స్టూడియో మేడ మీద ఉంది. ఫొటో అతను సన్నగా, పొడుగ్గా ఉంటాడు. దేన్ని చూసినా "అద్భుతం!" అంటాడు. మెట్ల మీద కోడలి చెప్పు తెగితే కూడా అలాగే అన్నాడు. తెర వెనక అందరూ బట్టలు మార్చుకుంటుంటే దర్జీ ఓ మూలకు తిరిగి మఖ్మలు అంగీ తొడుక్కున్నాడు. ఈకల టోపీ పెట్టుకున్నాడు. తిన్నగా వెళ్ళి నడిమధ్య కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఫొటో అతను ఈ ఒక్కసారి అద్భుతం అనలేదు.

"తాతయ్యా, నువ్వు రాజువి కాదు," అంది మనవరాలు కుక్కబొమ్మను చంకలో పెట్టుకుని. "నువ్వు ఈటె."

"అయ్యో మామయ్యా!" అంది కోడలు. "మీ అబ్బాయి చెప్పారనుకున్నానే!"

"నువ్వు చెప్పావనుకున్నా నేను," అన్నాడు కొడుకు.

"రాజెవరు?" అన్నాడు దర్జీ.

కొడుకు నీళ్ళు నమిలాడు. "మా పెద్దాఫీసరుగారు నాన్నా. ఆయనకి ఇలాంటివంటే సరదా. వచ్చే నెల హెడ్డు పోస్టు ఖాళీ అవుతోంది. పేరు రాయాల్సింది ఆయనే."

"రాణి?"

"రాణి కాదు మామయ్యా," అని కోడలు చప్పున అందుకుంది. "రాజుగారి చెల్లెలు. ఆయనకి అలాగే చెప్పాం."

"ఆయన కొలతలు?"

"ఆఫీసరుగార్ని నడుమెంతండీ అని ఎలా అడుగుతాం? బాగుండదు కదా. మీరైతే మనిషిని చూడగానే కొలిచేస్తారుగా!"

"చూపించలేదుగా," అన్నాడు దర్జీ.

అప్పుడే మెట్ల మీద బరువుగా అడుగులు వినిపించాయి. తలుపులోంచి ముందు పొట్ట వచ్చింది, దాని వెనకాల ఆఫీసరు వచ్చాడు. "ఏమోయ్ మంత్రీ, నా సింహాసనం ఎక్కడ?" అని గదంతా దద్దరిల్లేలా నవ్వాడు. కుర్చీలో ఉన్న మనిషిని చూసి నవ్వు ఆపాడు. "ఇతనెవరు?"

ఒక్క క్షణం కొడుకు తండ్రి వంక చూశాడు. తరువాత అంటించుకున్న మీసం సర్దుకున్నాడు.

"దర్జీ సార్. సరిపోయిందో లేదోనని వేసి చూస్తున్నాడు."

"మా తాత..." అంది మనవరాలు.

"కుక్కని సరిగ్గా పట్టుకో," అంది కోడలు.

దర్జీ లేచాడు. కొడుకు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అంగీ విప్పి ఇచ్చాడు.

ఆఫీసరు చొక్కా విప్పి, మూలనున్న స్టాండుకు తగిలించి, బనియను మీద అంగీ తొడుక్కున్నాడు. చేతులు దూరాయి. అంతే. ముందు బొత్తాలు పెడితే వెనక కుట్టు పటపటమంది. దర్జీ ఓసారి ఎగాదిగా చూసి, "ఈటె అంగీ ఆయనకి సరిపోతుంది," అన్నాడు.

"ఏమంటాడు?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్," అన్నాడు కొడుకు పళ్ళు నూరుతూ. "కొంచెం చాదస్తం."

"వెనకభాగం ఫొటోలో పడదు కదండీ!" అన్నాడు ఫొటో అతను. "కోసేద్దాం. ముందు బాగుంటే చాలు. మా వృత్తి అంతా ముందువైపే."

మూడు వారాలు కుట్టిన వెనక కుట్టును దర్జీ తన చేత్తోనే మెడనుంచి కింద అంచు దాకా విప్పాడు. కప్పలా నోరు తెరిచింది. జానెడున్నర ఖాళీ. నాలుగు క్లిప్పులు పెట్టి లాగి పట్టారు.

"ఊపిరి తీసుకోకండి సార్, అద్భుతం!"

"ఎంతసేపయ్యా?" అన్నాడు ఆఫీసరు. ఆ మాట అనడానికి కాస్త ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. నాలుగు క్లిప్పులూ నాలుగు దిక్కులకు లేచిపోయాయి. ఒకటి లైటుకు తగిలింది, ఒకటి కోడలి జడలో చిక్కింది. మిగతా రెండూ ఎటు పోయాయో ఈనాటికీ తెలియదు.

"ఏమోయ్ దర్జీ, ఏదో ఒకటి చెయ్యి. నాకింకా పనులున్నాయి!"

దర్జీ ఆ పొట్టి వీపు కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి తొడుగు తొడుక్కున్నాడు. అంగీ రెండు అంచులనూ ఆఫీసరు బనియనుకే కలిపి పొడుగు పొడుగు కుట్లు వేయడం మొదలుపెట్టాడు. అక్కడ వెలుతురు లేదు. ఉన్న లైట్లన్నీ రాజు మొహం మీదే ఉన్నాయి.

మరి ఈటె ఎవరు పట్టుకుంటారు? ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయింది. మూలనున్న స్టాండుకు, ఆఫీసరు చొక్కా మీదుగానే, ఈటెవాడి అంగీ తగిలించి, పైన టోపీ పెట్టి, పక్కన ఈటె ఆనించారు. చీకట్లో అచ్చం మనిషిలాగే ఉంది. లోపల మనిషి లేడన్న సంగతి ఎవరికీ లోటుగా అనిపించలేదు.

మొదటి ఫొటోకు ఆఫీసరు కళ్ళు మూశాడు. రెండోదానికి మంత్రి మీసం ఊడి రాజు భుజం మీద పడింది. మూడోదానికి మనవరాలు వెనక్కి తిరిగి, "తాతయ్యా, కింద ఏం చేస్తున్నావ్?" అంది. కోడలు నవ్వు మొహంతోనే పిల్లను గిల్లింది. నాలుగోదానికి నడుము దగ్గర దారం అయిపోయింది. దర్జీ అంగీ అంచును రెండు వేళ్ళతో బిగించి పట్టుకుని, వెనక పని ఎలా ఉందోనని తల తిప్పి, బొమ్మలోలాగే వెనక గోడకు తగిలించిన అద్దంలోకి చూశాడు. దర్జీ అన్నవాడు అద్దంలో చూడకుండా ఏ బట్టనూ వదలడు.

మేకుకు ముందుకు వాలి ఉంది అద్దం. అందులో కొడుకు వీపు, కోడలి వీపు, ఆఫీసరు వెనక చిందరవందర కుట్లు, వాటన్నిటి మధ్యలో, అద్దం తిప్పికొట్టిన లైటు పడి, తన మొహం. ఆ పైన, దూరంగా, కెమెరా కన్ను. ఆయన దాన్నే చూశాడు. అది ఆయన్నే చూసింది. రెండుసార్లు గీసిన గడ్డం, నున్నగా ఉంది. నవ్వాలా అని ఆలోచిస్తుండగానే క్లిక్కుమంది.

"అద్భుతం! అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి!"

అంతలో ఆఫీసరు ఫోను మోగింది. చేసింది ఆయనకు పైఆఫీసరు. ఆ మనిషి ఫోనులో పిలిచినా లేచి నిలబడి మాట్లాడడం ఈయనకు అలవాటు. "సార్!" అంటూ లేచాడు. కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. చీకట్లో దర్జీ సూది అంగీతో, బనియనుతో ఆగలేదు, కుర్చీ వీపు గుడ్డనూ కలుపుకుపోయింది.

"లేదు సార్... నిలబడే ఉన్నాను సార్... ఎవరో వెనక్కి లాగుతున్నారు సార్," అంటూ ఆయన గిర్రున తిరిగాడు. కుర్చీ కాళ్ళు మంత్రి కడుపులో తగిలాయి. మంత్రి స్టాండు మీద పడ్డాడు. ఈటె ఒరుగుతూ అంగీ మెడలోంచి దూరి, లోపలున్న ఆఫీసరు చొక్కాను భుజం నుంచి అంచు దాకా చీల్చి, తెర కర్రను పడగొట్టింది. తెర రాజుగారి చెల్లెలిని నిలువునా కప్పేసింది. లోపలినుంచి, "ఏవండీ, ఫొటో అయిపోయిందా?" అని వినబడింది.

"కదలకండి," అన్నాడు దర్జీ. కత్తెర తీశాడు. కుర్చీని విడదీశాడు. దాంతోపాటే బనియనూ రెండు ముక్కలయింది.

ఆఫీసరు ఇంటికి ఏం వేసుకుని వెళ్ళాలి? మిగిలింది ఈటెవాడి అంగీ ఒక్కటే. వేసుకున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. దర్జీ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. తప్పంతా తండ్రిదే అన్నట్టు కొడుకు ఆయన వంక చూశాడు.

వారానికి ఫొటో వచ్చింది. మంచిది ఆ నాలుగోది ఒక్కటే. ఫొటో అతను మొదట దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చాడు. రంగులు బాగున్నాయి, మఖ్మలు బాగుంది. అందరికన్నా స్పష్టంగా పడింది మాత్రం అద్దంలో దర్జీ మొహం.

"ఇది నా పనిలోకెల్లా గొప్ప ఫొటో," అన్నాడతను. ఈసారి అద్భుతం అనకుండా, మెల్లగా.

"సార్ వీపు కనబడుతోంది!" అని కోడలు గుండెలు బాదుకుంది. "అద్దం తీసేయండి. అక్కడో పూలకుండీ పెట్టండి."

"పెద్దాయన కూడా పోతారమ్మా."

"మామయ్య ఏమీ అనుకోరు. కదూ మామయ్యా?"

"ఊఁ," అన్నాడు దర్జీ.

పూలకుండీ పెట్టారు. చుట్టూ బంగారు చట్రం బిగించి గోడకు కొట్టారు. ఆఫీసరుకు ఒక ప్రతి పంపారు. పదిహేను రోజులకు ఆయన హెడ్డు పోస్టుకు ఇంకెవరి పేరో రాసేసి, ఆ మర్నాడే బదిలీ మీద వేరే ఊరికి వెళ్ళిపోయాడు.

ఇంక ఆ హాల్లోకి కొడుకు మొహం ఎత్తుకుని రాలేకపోయాడు. నడిమధ్య కుర్చీలో, పొట్ట మీద చేతులు పెట్టుకుని, ఫొటోలో ఆఫీసరు నవ్వుతున్నాడు. "దించెయ్యవే దాన్ని!" అని కొడుకు రంకెలు వేశాడు. కోడలికి బంగారు చట్రం వదులుకోవడానికి మనసు రాలేదు. ఫొటో అతనికి ఫోను చేసింది.

"ఆ మొహం ఒక్కటి మార్చడం కుదురుతుందా?"

"ఎవరిది పెట్టమంటారు?"

"ఎవరిదో ఒకరిది. మా మామయ్యగారిది పెట్టండి."

"నా దగ్గరుంది," అన్నాడతను. అద్దంలోది దాచి ఉంచాడు.

అలా దర్జీ రాజయ్యాడు. తను కుట్టిన అంగీలోనే, నడిమధ్య కుర్చీలో. మెడ కింద ఉన్నదంతా ఆఫీసరు. నడుము దగ్గర వెనకనుంచి రెండు వేళ్ళు వచ్చి అంగీ అంచును పట్టుకుని ఉన్నాయి. వాటిని చెరపాలని ఎవరికీ తోచలేదు. వేలికున్న ఇత్తడి తొడుగును చూసి, "రాజుగారి ఉంగరం," అని కోడలు అందరికీ చెబుతుంది.

మొన్న పక్కింటావిడ వచ్చింది. బొమ్మను చూసింది, మూలన మిషను ముందు కూర్చున్న దర్జీని చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది.

"ఈ ఫొటో ఎప్పటిదండీ?"

"రెండు నెలలయింది," అంది కోడలు.

"రెండు నెలల్లోనే ఇంత చిక్కిపోయారా! ఒంట్లో ఏమైనా తేడా చేసిందా తాతగారూ?"

దర్జీ సూదిలోకి దారం ఎక్కించి, తల ఎత్తకుండా అన్నాడు:

"కొలత తప్పిందమ్మా."