నూటికి నూరు హాజరు

ఓడ బయలుదేరే ముందు జరిపే భద్రతా శిక్షణకు ప్రయాణికులు నూటికి నూరు శాతం హాజరయ్యారనీ, ఇంతటి క్రమశిక్షణ గల ప్రయాణికులను తన ఉద్యోగ జీవితంలో చూసి ఎరుగననీ కెప్టెన్ గారు స్పీకర్లలో ప్రకటించారు. ఆ సమయానికి సదరు ప్రయాణికుల్లో అత్యధికులు ఈతకొలను చుట్టూ పడక కుర్చీల్లో వెల్లకిలా పడుకుని ఉన్నారు. పొగడ్త విని కొందరు కళ్లు తెరవకుండానే తలలూపారు. ఒకాయన మాత్రం లేచి కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు కొట్టినాయన మన సేఫ్టీ సారు. ఊరికే కొట్టలేదు. నూటికి నూరు హాజరు సాధించడంలో ఉన్న కష్టం తెలిసిన మనిషి కాబట్టి, సాటి కళాకారుడిని మెచ్చుకున్నట్టు కొట్టాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పెద్ద అంతస్తుల భవనంలో భద్రతాధికారి. ఆయన చేరిన కొత్తలో అగ్నిప్రమాద శిక్షణ గంట మోగితే సిబ్బంది తలుపులు వేసుకునేవారు, గోలకి పని సాగడం లేదని. సారు బాగా ఆలోచించి హాజరు పట్టీని టీ మిషను పక్కకు మార్చారు. ఆ దెబ్బతో హాజరు అమాంతం పెరిగింది. తర్వాత, అందరూ ఒకేసారి వస్తే టీ మిషను దగ్గర తొక్కిసలాట ప్రమాదం ఉందని గ్రహించి, భద్రత దృష్ట్యా సెక్షనుకొకరు వచ్చి అందరి సంతకాలూ పెట్టేలా సంస్కరించారు. "మనిషి రావడం ముఖ్యం కాదండీ, హాజరు రావడం ముఖ్యం" అనేది ఆయన సిద్ధాంతం. దానికి పైవాళ్లు జ్ఞాపిక కూడా ఇచ్చారు. ఆ జ్ఞాపిక ఇంట్లో మంటలార్పే సిలిండరుకు అడ్డంగా పెట్టి ఉంటుంది.

అలాంటి మనిషి రిటైరై, భార్యనీ బావమరిది కుటుంబాన్నీ వెంటేసుకుని విహారనౌక ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే శిక్షణకు రమ్మన్నారు. ప్రతి ప్రయాణికుడికీ మెడలో వేసుకునే కార్డొకటి ఇస్తారు. గది తాళమూ అదే, హాజరూ అదే. ఎవరికి కేటాయించిన సమావేశ స్థలానికి వాళ్లు వెళ్లి, ఆ కార్డును మిషనుకు చూపిస్తే అది 'బీప్' అంటుంది. అందరి బీపులూ పూర్తయ్యేదాకా ఓడ తాళ్లు విప్పకూడదని నిబంధన.

"నేను వెళ్లడమేమిటే? తాతకు దగ్గులు నేర్పినట్టు, నాకు వీళ్లు నేర్పుతారా? నా కార్డు కూడా నువ్వే పట్టుకెళ్లు" అన్నారు సారు.

"మనిషి రావాలని రాశారండీ" అంది భార్య.

"అట్లాగే రాస్తారు. నేనూ అట్లాగే రాసేవాణ్ని."

గది తలుపు తీసేసరికి బ్యాంకులో పనిచేసే బావమరిది ఎదురయ్యాడు. "అక్కా, ఎలాగూ వెళ్తున్నావుగా" అని తనదీ, తన భార్యదీ కార్డులు ఆవిడ మెడలో వేశాడు. పక్క గదివాళ్లు అది చూశారు. మంచి పద్ధతిని ఆదర్శంగా తీసుకోవడంలో మనవాళ్లెప్పుడూ ముందుంటారు. వరండా చివరికి చేరేసరికి ఆవిడ మెడలో కార్డుల గుత్తి తయారైంది. ఎవరినీ కాదనలేకపోయింది. మొహమాటం ఆవిడకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

సమావేశ స్థలంలో ఆవిడలాంటి వాళ్లే మరికొందరు, మెడ నిండా కార్డులతో నిలబడి ఉన్నారు. తెల్ల యూనిఫాం వేసుకున్న అధికారిణి చిరునవ్వుతో వచ్చి, ఒక్కొక్కరి దగ్గరా నిలబడి 'బీప్ బీప్ బీప్' మని మోగించింది. మనుషులు తక్కువగా ఉన్నారేమని ఆ అమ్మాయి అడగలేదు. ఓడ వేళకు కదలకపోతే పైవాళ్లు ఆమెనే అడుగుతారు. కనుక ఆ కాసేపూ ఓడలో అందరి ప్రయోజనాలూ ఒక్కటయ్యాయి.

అయితే సారు భార్య ఒక పొరపాటు చేసింది. వచ్చిందెలాగూ వచ్చాను కదా అని, చెప్పింది వినేసింది. లైఫ్ జాకెట్లు గదుల్లో ఉండవు, ఇక్కడే ఇస్తారు. గంట మోగితే దేనికోసమూ గదికి పోకూడదు. లిఫ్టు ఎక్కకూడదు. వాళ్ల వరండాలో కుడివైపుకు పోకూడదు, ఎడమ చివర పచ్చదీపం ఉన్న మెట్లెక్కాలి. ఇదంతా బుద్ధిగా నేర్చుకుని, కాఫీ కలుపుతూ భర్తకు చెప్పబోయింది.

"ఎడమవైపు పచ్చదీపం..."

"నాకా చెప్తున్నావు?" అన్నారు సారు. ఆ మాట ఆయన కోపంగా కూడా అనలేదు, జాలిగా అన్నారు. ఆవిడ కాఫీ ఇచ్చి ఊరుకుంది. అందరి కార్డులూ తిరిగిచ్చింది గానీ, ఆయనది మాత్రం తన సంచిలోనే ఉంచుకుంది. ఆయన కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు, ఇంటి తాళాలు ఎప్పుడూ అందులోనే ఉంటాయి. ఇప్పుడు ఆయన హాజరు కూడా అందులో చేరింది.

మర్నాడు మధ్యాహ్నం, ఆవిడ పైన డెక్కు మీద మరదలితో కబుర్లు చెబుతూ ఉండగా, సారు గదిలో భోజనం తర్వాతి కునుకు తీస్తూ ఉండగా, గంట మోగింది. సారు ఆ రంగంలో నిపుణులు కనుక అటు తిరిగి పడుకున్నారు. కాసేపటికి వరండాలో పరుగులు వినబడ్డాయి. సారు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. ఆ తర్వాత కాలుతున్న గుడ్డల వాసన వచ్చింది. అప్పుడు మాత్రం లేచారు. ఆయన అనుభవంలో ఏ శిక్షణలోనూ వాసన లేదు.

ముందు మంచం కింద లైఫ్ జాకెట్ కోసం వెతికారు. బీరువాలో వెతికారు. స్నానాల గదిలో కూడా వెతికారు. ఎక్కడా లేకపోయేసరికి, ఈ ఓడవాళ్ల నిర్లక్ష్యం మీద పైకి ఫిర్యాదు చేయాలని నిశ్చయించుకుని బయటికి వచ్చారు. వరండాలో ఎవరూ లేరు. ఒక నాయకుడికి తగిన తీరులో, అనుచరులు లేకపోయినా, చకచకా కుడివైపు నడిచారు. అటు చివర ఇనుప తలుపు దభాలున మూసుకుంది. వెనక్కి పరుగెత్తేసరికి ఇవతలిది కూడా మూసుకుంది. మంట వ్యాపించకుండా తమంతట తామే మూసుకునే తలుపులవి. వాటి గురించి సారు ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చారు. లోపలివైపు నుంచి చూడటం ఇదే మొదలు.

పైన సమావేశ స్థలంలో ఈసారి నిజంగానే జనం కిక్కిరిశారు. సారు భార్య సంచిలోంచి కార్డు తీయబోతే రెండు కార్డులూ తాళ్లు మెలేసుకుని కలిసి వచ్చాయి. తెల్ల యూనిఫాం అమ్మాయి హడావిడిలో రెండింటినీ మోగించి ముందుకు పోయింది.

"అమ్మా, మావారు ఇంకా రాలేదమ్మా" అంది ఆవిడ వెంటపడుతూ.

ఆ అమ్మాయి మిషను చూసింది. "వచ్చారండీ. మిషన్లో ఉన్నారు."

"మిషన్లో కాదమ్మా, ఇక్కడ లేరు. కింద గదిలో పడుకున్నారు."

"కంగారు పడకండి. ఇక్కడ లేకపోయినా మిషన్లో క్షేమంగా ఉన్నారు కదండీ."

"ఆ బీప్ తీసెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది! ఆయన రాలేదని రాయి!"

"వేసిన హాజరు తీయడానికి నాకు అధికారం లేదండీ. కెప్టెన్ గారు సంతకం పెట్టాలి. ఆయన మంట దగ్గరున్నారు."

ఆవిడ గొంతెత్తి ఏడ్చింది. మెట్లవైపు పరుగెత్తబోతే ఇద్దరు సిబ్బంది మర్యాదగా ఆపారు. బావమరిది అక్క చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగాడు. "అక్కా, గొడవ చేయకే. నిన్న ఎవరెవరు రాలేదో అంతా బయటపడుతుంది. మన పరువు పోతుంది. బావగారికేం కాదులే, ఆయన సేఫ్టీలోనే పనిచేశారుగా!" ముందురోజు ఆవిడ మెడలో కార్డులేసిన పెద్దమనుషులు కూడా చుట్టూ చేరి, ధైర్యంగా ఉండమని తలా ఒక ముక్క చెప్పారు. మెట్లు దిగి చూద్దాం రండి అన్నవాళ్లు మాత్రం లేరు.

కింద సారు ఇనుప తలుపును పిడికిళ్లతో బాదుతున్నారు. పొగ సన్నగా పాకుతోంది. చొక్కా తడిపి ముక్కుకు కట్టుకోవాలని గుర్తొచ్చింది గానీ నీళ్లు లేవు, గది తలుపు తీద్దామంటే కార్డు లేదు. అప్పుడు నెత్తిమీద స్పీకరు ఖణీల్మంది.

"ప్రయాణికులందరూ క్షేమంగా తమ తమ స్థలాలకు చేరుకున్నారు. హాజరు నూటికి నూరు. గాలింపు అవసరం లేదు. సహకరించిన వారందరికీ ధన్యవాదాలు."

ఆ వాక్యం సారుకి బాగా తెలుసు. ఏడాదికోసారి తన చేత్తో అదే వాక్యాన్ని నివేదికలో రాసి పైకి పంపేవారు. ఎంత చక్కటి వాక్యం! ఎక్కడా తప్పు పట్టడానికి సందివ్వదు. తను బతికి ఉండగానే తన క్షేమ సమాచారాన్ని తనే వింటూ ఆయన నేలమీద కూలబడ్డారు. మొదట నవ్వొచ్చింది. అరిచి చెబుదామా అంటే, ఏమని చెప్పాలి? "అయ్యా, నేను వచ్చానని మీరంటున్నారు గానీ నేను రాలేదు" అనా? అలా అన్నవాణ్ని తనైతే నమ్మేవాడా? తర్వాత నవ్వు పోయింది. చచ్చిపోతానని భయం వేసింది. ఆ భయం మధ్యలో, కాఫీ కలుపుతూ భార్య అన్న "ఎడమవైపు" అనే మాట గుర్తొచ్చింది. ఆ కాఫీ చల్లారేంతసేపు నోరు మూసుకుని విని ఉంటే సరిపోయేది కదా అని ఆయన పసివాడిలా ఏడ్చారు.

అదృష్టవశాత్తూ మంట పెద్దది కాదు. లాండ్రీలో బట్టలు ఆరబెట్టే మిషను అంటుకుందట, ఆర్పేశారు. తలుపులు తెరుచుకున్నాయి. మసిపట్టిన ముఖంతో మెట్లెక్కి వస్తున్న సారుని చూసి ఆవిడ ఎదురు పరుగెత్తి, సంచితో భుజం మీద రెండు బాది, ఆ భుజం మీదే తల పెట్టి బావురుమంది. "చెప్తే విన్నారా? చెప్తే విన్నారా ఎప్పుడైనా?" చుట్టూ ఉన్నవాళ్లు, మిషన్లో ఉన్న మనిషి ఎదురుగా కూడా కనబడటంతో, ఓడవాళ్ల లెక్క ఎంత కచ్చితంగా ఉందోనని మెచ్చుకున్నారు.

మరుసటి ఉదయం ఓడ రేవులో ఆగి ఉండగా, జరిగినదాని దృష్ట్యా శిక్షణ మళ్లీ మొదటినుంచీ జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బీపులు పూర్తయ్యేదాకా ఓడ కదలదు. ఈసారి పిలవకముందే సారు తయారయ్యారు. భార్యకు మాత్రం రాత్రంతా నిద్రలేక తల పగిలిపోతోంది. మాత్ర వేసుకుని పడుకుంది. "నేను నేర్చుకున్నానుగా. నా కార్డు పట్టుకెళ్లండి" అని మెడలోంచి తీసి ఇచ్చి అటు తిరిగింది.

సారు వరండాలోకి రాగానే తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"బావగారూ, ఎలాగూ వెళ్తున్నారుగా" అన్నాడు బావమరిది.

"ఒరేయ్, నిన్న నేను ఎలా ఇరుక్కున్నానో చూడలేదట్రా?"

"అందుకేగా బావగారూ మీకిస్తున్నాం! ఈ విషయంలో మీకున్న అనుభవం ఎవరికుంది చెప్పండి?"

పక్కగది పెద్దమనుషులు అవునన్నారు. అందులో న్యాయం ఉన్నట్టు సారుకి కూడా తోచింది. మొహమాటం అంటువ్యాధి కాబోలు. సమావేశ స్థలం చేరేసరికి ఆయన మెడ వంగిపోయింది.

'బీప్ బీప్ బీప్.' అన్నీ అయ్యాయి. సారు పిడికిట్లో ఒక కార్డు మిగిలింది. అది మోగబోతుంటే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మాత్ర వేసుకుని, అటు తిరిగి పడుకున్న మనిషి కళ్లముందు మెదిలింది. ఇప్పుడు గంట మోగితే ఆవిడ మిషన్లో క్షేమంగా ఉంటుంది.

"ఒకటి తక్కువొస్తోంది సార్" అంది తెల్ల యూనిఫాం అమ్మాయి.

"ఆవిడ రావాలి. మనిషి వస్తేనే మోగిస్తాను."

ఓడ కదలలేదు. ఎవరో ఒక ప్రయాణికురాలు భద్రతకు సహకరించనందువల్ల ఆలస్యమవుతోందని కెప్టెన్ గారు విచారంతో ప్రకటించారు. ఈతకొలను చుట్టూ పడుకున్నవాళ్లు, బాధ్యత లేని మనుషులు ఎక్కడికక్కడ దాపురిస్తారని విసుక్కున్నారు. చివరికి ఆవిడ చెదిరిన జుట్టు ముడేసుకుంటూ, కళ్లు ఎర్రగా, రుసరుసలాడుతూ వచ్చింది.

"ఊరంతటి ఓడలో నా పరువు తీశారు!"

"తీశాను. ఇటొచ్చి నా పక్కన నిలబడు" అన్నారు సారు, కార్డు ఆవిడ చేతిలో పెట్టి. బీప్ అంది. ఎక్కడో చప్పట్లు వినిపించాయి, ఓడ తాళ్లు విప్పారు.

ఆవిడ ఆయన మెడలోని గుత్తిని చూసింది. "మరి వీళ్లంతా?" అంది.

సారు గుత్తిని చేత్తో కప్పుకున్నారు. ఇంతలో లైఫ్ జాకెట్ చేతికిచ్చి తొడిగి చూపించమన్నారు. తొడిగారు. గుండెల మీద అందరి కార్డులూ గుట్టగా ఉండటంతో జాకెట్ బిగించే పట్టీ ఎంత లాగినా అందలేదు. భార్య కూడా ఒక చెయ్యి వేసి లాగింది. లాభం లేకపోయింది.

"ఫర్వాలేదు సార్, హాజరు పడిందిగా" అంది ఆ అమ్మాయి, మిషను కట్టేస్తూ.

ఆ గుత్తిలో ఎవరెవరి కార్డులున్నాయో సారు ఇంకా చూడలేదు. మీది మీ దగ్గరే ఉందో లేదో ఒకసారి జేబు తడిమి చూసుకోండి.