పరలోకానికి చిల్లర

ఆ శనివారం ఉదయానికి కొజో ఎసిల్ఫీ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ముందుగా స్నానం చేయాలి. తరువాత, క్రితం సాయంత్రం సెకొండి నుంచి తెచ్చుకున్న నాణేన్ని, తన పాత నాణేల సేకరణ దాచుకునే గాజుమూత పెట్టెలో ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న గుంటలో అమర్చాలి. ఆపైన నల్లబట్ట కట్టుకుని వెళ్లి బావమరిది శవాన్ని చూసి రావాలి. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి కనుక ఆయన పనులను ప్రాముఖ్యాన్ని బట్టి వరుసలో పెట్టుకున్నాడు.

ఆ నాణెం దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ముద్రించిన పది షిల్లింగుల వెండి బిళ్ల. ఖర్చు కోసం కాక జ్ఞాపకం కోసం చేసినది కావడం వల్ల అది ఏ చేపల బుట్టలోనూ పడలేదు. ఏ లారీ డ్రైవరు వేళ్లూ దాని అంచును అరగదీయలేదు. దానికి బదులుగా ఎసిల్ఫీ తన కారును ఇచ్చేశాడు. భార్య అబాతో మాత్రం కారు షెడ్డులో ఉందనీ, ఇంజను విప్పారనీ చెప్పాడు. విజ్ఞానశాస్త్రంలో ఇటువంటి దానిని తాత్కాలిక ప్రతిపాదన అంటారు.

స్నానం ముగించుకుని వచ్చేసరికి, రాత్రి నాణెం పెట్టి ఉంచిన సాసరులో దూది ఉంది, నాణెం లేదు. అబా అప్పటికే పుట్టింటికి వెళ్లిపోయింది.

కేప్ కోస్ట్‌లో ఆమె పుట్టింటివారి వాకిలి షామియానాలతోనూ, లౌడుస్పీకర్లతోనూ, ఎరుపు నలుపు బట్టలు కట్టిన బంధువులతోనూ నిండిపోయి ఉంది. ఎసిల్ఫీ రొప్పుతూ వెళ్లి భార్యను పక్కకు పిలిచాడు.

"అబా, సాసర్లో ఒక నాణెం ఉండాలి..."

"నేనే తెచ్చాను. రుమాల్లో ముడేసి తమ్ముడి చేతిలో పెట్టించాను. దారిలో మంచినీళ్లు కొనుక్కోవద్దూ, పాపం!"

"ఇంట్లో ఇంకేం చిల్లర దొరకలేదా?"

"ఎందుకు లేదు? కానీ ఇప్పటి డబ్బు అవతల మా తాతముత్తాతలకేం తెలుస్తుందండీ? వాళ్లంతా షిల్లింగులనాటి మనుషులాయె. ఆ బిళ్లని ఎలాగూ బజార్లో ఎవరూ ముట్టుకోరు."

ఈ వాదంలో, పోయినవాళ్లు డబ్బు ఖర్చు పెడతారన్న మొదటి మెట్టు తప్ప ఎసిల్ఫీకి మరే దోషమూ కనబడలేదు.

"పోనీ, అది తీసి ఇంకోటి పెడితే?"

"శవం చేతిలోది లాక్కుంటారా? ఇంతమంది ముందా?" అబా గొంతు తగ్గించింది. "ఆ పని చేశారో, నేనిక ఈ గుమ్మం తొక్కలేను. మీ గుమ్మమూ తొక్కను."

లోపలి గదిలో ఇత్తడి మంచం మీద, లేసు తెరల మధ్య, ఎబో గార్టీ కెంటే వస్త్రం కప్పుకుని పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి గుండెల మీద ఉంది. అందులో ముడివేసిన తెల్ల రుమాలు ఉంది. బంధువులు వరుసగా వచ్చి, వంగి, చివరి మాటలు చెప్పి వెళుతున్నారు. ఎసిల్ఫీ ముందున్న ఆవిడ, ఇంటికప్పు బాగుచేయించామని తన తల్లికి చెప్పమని ఎబోను కోరింది. ప్రార్థన కాగానే శవాన్ని పెట్టెలోకి దించి మూత బిగిస్తారు.

ఎసిల్ఫీ వంగాడు. శవం మార్చురీ ఐసులోంచి తెల్లవారుజామునే వచ్చింది. వేళ్లు కొయ్యల్లా ఉన్నాయి. ముడి కొస పట్టుకుని మెల్లగా లాగాడు. రాలేదు. మర్యాదకు మించి వంగి ఉండవలసి వచ్చింది.

"చూశావుటే!" అంది గోడవారన ఏడుస్తున్న ఆడవాళ్లలో ఒకామె. "దేవుడూ లేడు, దయ్యమూ లేదనే మనిషి! బావమరిది చెవిలో ఎంతసేపు చెప్పుకుంటున్నాడో!"

ఏడుపు పెద్దదయింది. ఎసిల్ఫీ బయటికి వెళ్లి, మళ్లీ వరుస చివర నిలబడ్డాడు. రెండోసారి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన కన్నీళ్లే. ఎవరికోసం అన్న విషయంలో మాత్రమే జనం పొరబడ్డారు. ఆ తరువాతిసారి ఆయన ధైర్యం చేసి రెండు వేళ్లు రుమాలు కిందికి జొనిపాడు. పెళ్లి ఉంగరం రుమాలు అంచు లేసులో చిక్కుకుంది. కంగారులో గట్టిగా లాగాడు. ఎబో చెయ్యి ఆయన చేతితోపాటు పైకి లేచింది.

"పట్టుకున్నాడు! అల్లుణ్ణి పట్టుకున్నాడు!"

పూర్వం అక్కడ శవాన్ని తలకెత్తుకుని ఊరంతా తిప్పేవారు. అది ఎవరి గుమ్మం వైపు మొగ్గితే వారే చంపినట్టు. ఆ ఆచారం ఎప్పుడో ఆగిపోయింది కానీ దాన్ని మరిచిపోయిన వారెవరూ ఆ గదిలో లేరు. వంశపెద్ద నానా ఆర్కోఫుల్ చేతికర్రతో దారి చేసుకుంటూ వచ్చాడు.

"అల్లుడూ, కదలకు."

"నానా, ఇది ఐసు. అంతే. ఉంగరం లేసులో చిక్కుకుంది."

"ఇంతమంది వచ్చి వెళ్లారు. ఎవరి ఉంగరమూ చిక్కుకోలేదే?"

"వాళ్లు చెయ్యి పెట్టలేదుగా."

"మరి నువ్వెందుకు పెట్టావు?"

నలభై ఏళ్లు పిల్లలను ప్రశ్నలడిగిన మనిషి ఉంగరాన్ని లేసులోంచి ఊడదీసే పనిలో పడ్డాడు.

"మళ్లీ మళ్లీ వచ్చాడు నానా! ప్రేమేమో అనుకున్నా, వెర్రిదాన్ని!" అంది గోడవారనున్న ఆమె. "అసలు వీళ్లింట్లో కెంకీ తిన్న రాత్రే కదూ ఎబోకి కడుపునొప్పి పట్టుకుంది?"

"నోటికొచ్చినట్టు వాగకు! ఆ కెంకీ నేనే ఉడికించాను!" అని అబా అరిచింది.

అలా అని ఉండవలసింది కాదు. గదిలోని చూపులన్నీ ఎసిల్ఫీని వదిలి నెమ్మదిగా ఆమె వైపు తిరిగాయి. ఆమె పక్కనున్న చెల్లెలు ఒక అడుగు దూరం జరిగింది. ఆ అడుగును ఎసిల్ఫీ చూశాడు. ఇటువంటి అడుగులు పడిన ఇళ్లలో, మంత్రగత్తెలన్న పేరు పడ్డ ముసలి ఆడవాళ్లకు తరువాత ఏం జరిగిందో ఆయనకు తెలుసు.

"నాణెం కోసం!" అన్నాడు గట్టిగా. "అబాకేం సంబంధం లేదు. ఆ రుమాల్లో ఉన్న నాణెం దొంగిలించడానికొచ్చాను. దానికోసం కారు ఇచ్చేశాను."

ఏడుస్తున్న ఆడవాళ్లు రుమాలు వైపు మెడలు చాచారు.

"ఏ కారు?" అంది అబా.

"మనకున్నది ఒకటేగా."

"ఇంజను విప్పారన్నారు!"

"విప్పే ఉంటారు. ఇప్పుడది వాళ్లిష్టం."

నానా ఆర్కోఫుల్ చేతికర్ర మీద గడ్డం ఆనించాడు.

"అంటే, మా ఎబో చేతిలో ఉన్నది ఒక కారా?"

"అలాంటిదే, నానా."

"నీ ఇంట్లోంచే వచ్చిందా?"

"వచ్చింది, కానీ నేను..."

"చాలు." ముసలాయన జనం వైపు తిరిగాడు. "విన్నారా! మన వంశంలో పోయినవాడికి ఇంత పెట్టి పంపిన అల్లుడు ఇంతవరకు లేడు. ఎబో వీణ్ణి పట్టుకుంది నింద వెయ్యడానికి కాదర్రా, కృతజ్ఞత చెప్పడానికి!"

అదే చెయ్యి, అదే సాక్ష్యం. తీర్పు ఒక్కటే తిరగబడింది. అబా పక్కనుంచి జరిగిన చెల్లెలు తిరిగి వచ్చి ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చింది. ఎవరో కత్తెర తెచ్చి లేసు కత్తిరించి ఎసిల్ఫీని విడిపించారు. రుమాలును మాత్రం ఎవరూ కదపలేదు. వాకిట్లో చదివింపులు చదువుతున్న మనిషికి వార్త కాస్త ఆలస్యంగా, కాస్త మారి అందింది.

"అల్లుడు ఎసిల్ఫీగారు, ప్రయాణం నిమిత్తం, ఒక కారు!" అని లౌడుస్పీకరు చాటింది. వాకిలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పెట్టె మూత బిగించే మొదటి మేకు చప్పుడుకు ఎసిల్ఫీ కళ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థిస్తున్నాడనుకుని పక్కవాళ్లు గొంతు తగ్గించారు. అబాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. ఆమె తల నిటారుగా పెట్టుకుని, పెదవులు కదపకుండా అడిగింది:

"శ్మశానానికి ఎలా వెళదామనుకుంటున్నారు?"

"నడిచి."

"నడవండి. నేను నానా కార్లో వస్తాను."

ఆ తరువాత పట్టణంలో ఏ అల్లుడూ తక్కువ తినలేదు. ట్రంకు పెట్టెల అడుగున, ముసలమ్మల నడుము సంచుల్లో, ఎసిల్ఫీ ఏళ్ల తరబడి బతిమాలినా బయటపడని పాత బిళ్లలన్నీ వెలుగు చూశాయి. వాటి యజమానులు ఆయన ఇంటికే వచ్చి, ఏది ఎక్కువ అరుదైనదో భక్తిగా అడిగి తెలుసుకుని, పోయినవాళ్ల చేతుల్లో పెట్టి పంపారు. ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. కేప్ కోస్ట్‌లో చలామణి ఎరుగని నాణేలన్నీ ఇప్పుడు శ్మశానంలోనే ఉన్నాయి. అక్కడ వాటిని ఖర్చు పెడుతున్నారనడానికి ఆధారాలు ఇంతవరకు లభించలేదు.