గొడుగాయనకు రెయిన్‌కోటు

బాగున్న కథను ముగించడం నేరం! శిక్షాస్మృతిలో ఇంకా చేర్చలేదు గానీ, చేర్చాలని నా మనవి.

తొమ్మిదేళ్ల ఈ కాలమ్‌లో ఇది నా ఆఖరి వ్యాసం. చెప్పాల్సింది అయిపోయింది. చివర ‘శుభం’ అని రాసుకుంటానని ఎడిటర్‌గారిని బతిమాలి ఒప్పించుకున్నాను. పోయేముందు ఒక మంచిమాట చెప్పి పోతాను.

‘గొడుగాయన’ సీరియల్ సంగతే చూడండి. పన్నెండు కామిక్ పుస్తకాల కథను మూడు సీజన్లుగా తీశారు. గొడుగులు బాగుచేసుకునే మనిషి. ఆయన తన గొడుగు విప్పితే ఆ వీధిలో పది నిమిషాలు వాన ఆగుతుంది. చివరికి ఆ గొడుగును బస్టాపులో ముక్కూమొహం తెలియని ఒకావిడ చేతిలో పెట్టి, తను తడుస్తూ వెళ్లిపోతాడు. తెరమీద ‘శుభం’ పడింది. మా అత్తగారు కళ్లు తుడుచుకుని, టీవీకి ఓ దండం పెట్టి లేచారు.

ఇదేం పద్ధతండీ? అవార్డులొచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. తీసినావిడేమో ‘కథ అయిపోయింది, ఇంటికెళ్తాను’ అంది. అందరూ ఇలా ఇళ్లకెళ్లిపోతే పరిశ్రమ ఏమైపోవాలి? మన అదృష్టం బాగుండి చానల్‌వారు సీరియల్‌ను ముందుకు నడిపించడానికి కొత్త షోరన్నర్‌ను పెట్టారు. ఇన్నాళ్లూ వంటల పోటీలు నడిపిన అనుభవజ్ఞుడు. ‘పుస్తకాలు చదవలేదు, బొమ్మలు చూశాను’ అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. చదివితే ఆ కథకు కట్టుబడి ఉండాల్సి వచ్చేది మరి!

ఆయన ఆలోచనలు వినండి. గొడుగు పాతబడింది కాబట్టి రెయిన్‌కోటు. చిన్నప్పుడే తప్పిపోయిన కవల తమ్ముడొకడు దిగుతాడు. వాడు కోటు విప్పితే ఎండ మాడ్చేస్తుంది. బస్టాపు ఆవిడ గూఢచారి. ఆ బస్సు మీద కూడా నాకు అనుమానంగానే ఉంది. ఆరు సీజన్లకు ఢోకా లేదు.

ఈ శుభవార్త అత్తగారి చెవిన వేశాను.

“షోరన్నర్ అంటే పరుగెత్తేవాడేగా బాబూ?” అన్నారావిడ.

“ఒకరకంగా అంతేనండి.”

“అయితే పరుగెత్తనివ్వండి. ఊరు దాటేదాకా మధ్యలో ఎవరూ ఆపకండి.”

పాతకాలం మనిషి, పోనిద్దురూ.

ఇంతవరకు రాసి పంపానో లేదో, ఎడిటర్‌గారు ఫోన్ చేశారు.

“మీ వాదనతో నా కళ్లు తెరుచుకున్నాయండీ. మీ కాలమ్ ఆపడం లేదు. మీ పేరు, మీ ఫొటో అలాగే ఉంటాయి. రాసేది మాత్రం మా బావమరిది.”

“ఆయన నా కాలమ్ ఎప్పుడైనా చదివారా?”

“ఫొటో చూశాడు. అన్నట్టు, చివర ఆ శుభం తీసేయండి.”

అయ్యా, పై వాదనలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను! బాగున్నా బాగాలేకపోయినా ఇది నా చేతిమీదుగా పెరిగిన కాలమ్. దీన్ని ముగించే ఆ ఒక్క మాటా నేనే రాసుకోవాలి. ఈ సంగతి చెబితే వంటింట్లోంచి అత్తగారు, “ఆ బావమరిదిగారిని కూడా పరుగెత్తనివ్వండి బాబూ” అన్నారు. మొదటిసారి ఆవిడతో పూర్తిగా ఏకీభవించాను.

తీసేయమన్న ఆ ‘శుభం’ చివర మళ్లీ చేర్చి, మారుస్తే ఊరుకోనని రాసి పంపుతున్నాను. వచ్చేవారం ఇక్కడ నా ఫొటో కనిపిస్తే మాత్రం మోసపోకండి.

ప్రస్తుతానికి శుభం.