రత్తయ్యగారి రాయి, ఇంగ్లీషు వ్యాకరణం

ఆంగ్లభాషను చాలాకాలంగా పీడిస్తున్న ఒక చిక్కును మా ఊరి హైస్కూలు తల్లిదండ్రుల కమిటీ మొన్న శనివారం ఏకగ్రీవంగా పరిష్కరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇంగ్లండుకు ఇంకా కబురు వెళ్లలేదు. మాది జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్లే దారిలో, చెయ్యెత్తితేనే బస్సు ఆగే ఊరు. ఇక్కడి నుంచి ఏ కబురైనా ఆలస్యంగానే వెళుతుంది.

చిక్కు ఇది. ఇంగ్లీషులో ఇట్స్ అనే మాట రెండు రకాలు. చివరి రెండు అక్షరాల మధ్య, నెత్తిన కామా ఉంటే 'అది ఉన్నది' అని అర్థం. కామా లేకపోతే 'దాని' అని అర్థం. మా చూడామణి టీచరు బోర్డు మీద ఇలాగే చెప్పారు. గేటు దగ్గరి గ్రానైటు రాయి మాత్రం ఈ పాఠం వినలేదు. 'ఈ బడి దాని పిల్లలను చూసి గర్విస్తున్నది' అని ఉండవలసిన చోట కామా పడి, 'ఈ బడి అది ఉన్నది పిల్లలను చూసి గర్విస్తున్నది' అయింది. తెలుగులో చెబితే నవ్వొస్తుంది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఊరికి గర్వమే వచ్చింది.

రాయి ఇచ్చింది రత్తయ్యగారు. క్వారీలో టిప్పర్లు తిప్పే మారాజు. మా బడిలో బీరువా, మంచినీళ్ల డ్రమ్ము, ఆ డ్రమ్ముకు గొలుసుతో కట్టేసిన గ్లాసు, గదుల్లో ఫ్యాన్లు అన్నీ ఆయనవే. అన్నిటి మీదా ఆయన పేరే. ఫ్యాన్లకైతే రెక్కరెక్కకీ ఎర్ర రంగుతో 'దాత: రత్తయ్య' అని రాయించారు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు. అందువల్ల ఆయన బడికి వచ్చినప్పుడు ఫ్యాన్లు ఆపడం మా దగ్గర మర్యాద. ఎండలు ముదిరినకొద్దీ ఆయనకు బడి మీద అభిమానం పెరుగుతుంది.

రాయిని ఆవిష్కరించిన రోజున పూర్వ విద్యార్థులు జగ్గయ్యపేటలో ఒక ఫ్లెక్సీ కొట్టించుకొచ్చారు. 'మీరు గొప్పవారు రత్తయ్యగారూ' అని ఇంగ్లీషులో వేయించబోయి, యూ ఆర్ రెండూ కలిపి కామాతో రాయవలసిన చోట కామా లేని యువర్ పెట్టించి, 'మీ యొక్క గొప్ప రత్తయ్యగారూ' అనిపించారు. రాతి మీద ఎక్కువైన కామా ఫ్లెక్సీ మీద తక్కువైంది. మొత్తం మీద ఊరికి కామాలు సరిపోయాయి.

అంతా సవ్యంగా ఉండగా రూబీ వచ్చి పడింది. రూబీ నా బెంచీలోనే కూర్చుంటుంది. నందిగామలో ఇంగ్లీషు వ్యాసరచన పోటీ పెట్టారు. బడికి ఒక్కరినే పంపాలి. నెగ్గిన పిల్లకు ఇంటర్ చదువు, హాస్టలు ఉచితం. రూబీ వాళ్లమ్మ సూసన్ పత్తి చేలల్లో కూలికి వెళుతుంది. పది పాసయ్యాక రూబీ నందిగామ బస్సెక్కుతుందా, వాళ్లమ్మ వెనక చేలోకి దిగుతుందా అన్నది ఈ పోటీ మీదే ఉంది.

బడిలో పెట్టిన ఎంపిక పరీక్షలో రూబీయే ఫస్టు. అయితే ఇట్స్‌ని 'దాని' అన్న చోట కామా లేకుండా రాసింది. పైగా క్లాసులో లేచి అడిగింది.

"టీచర్, మీరు చెప్పింది ఒకటి, గేటు దగ్గర ఉంది ఇంకోటండి. పోటీలో ఏది రాయమంటారు?"

చూడామణి టీచరు కిటికీలోంచి గేటు వైపు చూసి, గొంతు తగ్గించి, "గేటు లోపల అది, గేటు బయట ఇది" అన్నారు. మాకు ఏడాది మొత్తంలో అంత స్పష్టంగా అర్థమైన పాఠం ఇంకోటి లేదు.

సంగతి రత్తయ్యగారికి చేరింది. శనివారం కమిటీ కూర్చుంది. ఫ్యాన్లు ఆపారు. రేకుల షెడ్డు కావడం వల్ల సభ త్వరగానే వేడెక్కింది.

హెడ్మాస్టరు బాలసుబ్రహ్మణ్యంగారు ముందుగా మాట్లాడారు. "భాష అనేది మారుతూ ఉంటుంది. గ్రానైటు మారదు. కావున ఈ రెండింట్లో దేన్ని నమ్మాలో విజ్ఞులైన మీకు నేను చెప్పనక్కర్లేదు."

చప్పట్లు పడ్డాయి. చేతులు ఆడిస్తే కాస్త గాలి వచ్చింది కూడా.

రత్తయ్యగారు రూబీని ముందుకు పిలిచారు. "ఏమ్మా, నా రాయికి వంక పెట్టింది నువ్వేనా?"

"రాయి బాగానే ఉందండి. దాని మీద కామా ఒక్కటే ఎక్కువండి."

"ఎక్కువంట! అక్షరానికింత అని తీసుకున్నాడు పేటలో రాయి చెక్కినోడు. కామాకి కూడా లెక్క కట్టాడు. ఊరికే పెట్టించానా?"

"దాన్ని చెక్కి తీయించేస్తే సరిపోద్దిగా అండి."

"చెక్కితే గుంట పడుద్ది. నా పేరు పైన గుంటా? ఏమయ్యా మాస్టారూ, పిల్లలకి ఇదేనా మీరు నేర్పుతుంది?"

హెడ్మాస్టరుగారు చెమట తుడుచుకుని తీర్మానం చదివారు: రాతి మీద ఉన్నదే సరైన ఇంగ్లీషు. అలా రాస్తానని ఒప్పుకున్న పిల్లనే నందిగామ పంపాలి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తాలి.

సగం చేతులే లేచాయి. వెనక నుంచి సూసన్, కొంగుతో విసురుకుంటూ, "అయ్యా, కాస్త ఆ ఫ్యానెయ్యండయ్యా, పేణం పోతంది" అంది.

"తీర్మానం అయిన వెంటనే వేయబడును" అన్నారు హెడ్మాస్టరుగారు.

మిగతా చేతులన్నీ లేచాయి. అన్నిటికన్నా ఎత్తుగా లేచింది సూసన్ చెయ్యి. రూబీ వాళ్లమ్మ వంక చూసింది. "ఫ్యాను కోసమేగా ఎత్తమంటున్నారు?" అని సూసన్ పక్కావిడను అడిగింది. పక్కావిడ అవునంది. ఆవిడా దానికోసమే ఎత్తింది మరి.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎట్టా రాస్తావు?" అన్నారు రత్తయ్యగారు.

"దాని అన్న చోట దాని అనే రాస్తానండి" అంది రూబీ.

నందిగామకు రత్తయ్యగారి మనవరాలు ఉషశ్రీ పేరు పంపారు. ఆ అమ్మాయికి ఇట్స్‌తో ఏ ఇబ్బందీ లేదు. కామాను ఒక్కోసారి పెడుతుంది, ఒక్కోసారి పెట్టదు. దీన్ని హెడ్మాస్టరుగారు సమతూకం అని మెచ్చుకున్నారు.

రత్తయ్యగారు కారెక్కగానే ఫ్యాన్లు వేశారు. రెక్కల మీది పేరు గిర్రున కలిసిపోయి మాయమైంది. గాలి చల్లగా తగిలింది. "ఎంతైనా ధర్మాత్ముడు" అన్నారు అందరూ. రూబీ ఒక్కతే బయట, గేటు దగ్గర, ఎండలో నిలబడింది.

మీరు నవ్వుకుంటున్నారు, తెలుసు. మీ ఊళ్లో వ్యాకరణం ఇలా తేలదనే కదా! ఒక చిన్న పని చేయండి. మీ నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను ఒక్క నిమిషం ఆపి, రెక్కల మీద ఎవరి పేరుందో చదవండి. ఆ తర్వాత ఎత్తిన చెయ్యి దించండి.