గుండు కింద పడేదాకా

డిగ్రీ పూర్తయిన ఏడాది రాష్ట్రస్థాయి ఇండోర్ పోటీల్లో దామెర ప్రవళిక విసిరిన నాలుగు కిలోల ఇనుప గుండు ఇంతవరకూ కింద పడలేదు. స్టేడియం పైకప్పుకు కాస్త కిందుగా, రెండు ట్యూబులైట్ల మధ్య ఆగి ఉంది. గుండు నేలను తాకేదాకా విసిరినవారు వలయం దాటకూడదన్నది నిబంధన. దాటితే ఫౌల్. అందుచేత ప్రవళిక వలయంలోనే ఉంటోంది.

పోటీ ముగియలేదు కనుక జడ్జి లింగమూర్తి పదవీ విరమణ కూడా వాయిదా పడింది. కొలిచే టేపు ఒళ్లో పెట్టుకుని రోజంతా కుర్చీలో కూర్చుంటాడు. ఉక్కపోసినప్పుడు తన ఫ్యాను ఆమె వైపు తిప్పుతాడు. నిద్రలో ఆమె కాలు గీత దాటితే ఎర్రజెండా ఎత్తాలి. అలాంటప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంటాడు.

మిగతా స్థలాన్ని బ్యాడ్మింటన్ వాళ్లకు ఇచ్చారు. గుండుకు పట్టిన బూజు దులపడానికి మాత్రం అనుమతి రాలేదు. అది బయటి సాయం కిందికి వస్తుందట.

తల్లి కొమురమ్మ రోజూ గీత అవతల నుంచే టిఫిన్ గిన్నె అందిస్తుంది.

"ఒక్క అడుగు ఇవతల పెడితే ఏమైతది బిడ్డా?"

"ఫౌలైతదమ్మా. దూరం లెక్కకు రాదు. దూరం లేకుంటే సర్టిఫికెట్ లేదు. అది లేకుంటే స్పోర్ట్స్ కోటాల నౌకరీ లేదు."

"అక్క పెండ్లికి గూడ రాకపోతివి. మీ బావ ఇప్పటికీ నిన్ను గుండు మరదలనే అంటడు."

"అననియ్యి. నౌకరొచ్చినంక చెప్త ఆయన సంగతి."

మొన్న సోమవారం లింగమూర్తి కుర్చీని గీత దగ్గరికి జరుపుకున్నాడు.

"ప్రవళికా, నిన్నటితో నీకు కోటా వయసు దాటిందమ్మా. ఇగ గుండు పడ్డా నౌకరీ రాదు. ఇంటికి పోవచ్చు."

"ఇప్పుడు బయటికొస్తే ఫౌల్ కాదా సార్?"

"ఫౌలే. కానీ పోయేదేం లేదు."

ప్రవళిక లేచి గీత దాకా వచ్చింది. అక్కడ నిలబడి చాలాసేపు పైకి చూసింది.

"ఇన్నేండ్లు పడలేదంటే, సార్, దూరం బాగనే వస్తది."

లింగమూర్తి కూడా పైకి చూశాడు.

"వస్తదమ్మా," అన్నాడు.

ఆమె వెనక్కి వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రమే, ఈ ఏడు డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిల కోసం పక్కన మరికొన్ని వలయాలు గీశారు. ఒక్కోదాంట్లో పరుపు కూడా వేసి ఉంచారు.