సీజరు గారికి మా ముందుమాటలు

సైనిక్‌పురిలోని మా కాలనీ గ్రంథాలయంలో జూలియస్ సీజరు జీవితచరిత్రలు మూడు ఉన్నాయనీ, ఒక మహానుభావుడికి ఒక పుస్తకం చాలుననీ, మిగిలిన రెండూ పాత పేపర్లవాడికి ఇచ్చేసి ఆ జాగాలో యోగా చాపలు పెట్టుకోవాలనీ కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఏది ఉంచాలో తేల్చడానికి ఒక ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు హరికిషన్ గారు, కార్యదర్శిని నేను. ఇలాంటి పనులకు నన్ను మించినవాడు లేడని నా నోటితో నేనే చెప్పుకోవడం బాగుండదు.

మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చిపడింది. సంఘంలో ఒకరు ఆ మూడు పుస్తకాలూ చదివేసి ఉన్నారు. ఆవిడ ప్రిసిల్లా టీచరు, బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. చదివినవారికి అభిప్రాయం ఏర్పడిపోతుంది, అభిప్రాయం ఉన్నవారు నిష్పాక్షికంగా ఉండలేరు. అందుచేత హరికిషన్ గారు ఎంతో మర్యాదగా ఆవిడ ఓటు తీసేసి, టీ మాత్రం ఉంచారు.

మిగతావాళ్లం ఏ మచ్చా లేని మనసులతో పనిలోకి దిగాం. మొదటి పుస్తకం ఇటుకంత లావు. హరికిషన్ గారు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "మనిషి జెర గట్టిగనే బతికిండు" అన్నారు. అట్ట మీద సీజరు పక్కనే రచయిత కోటు వేసుకుని నిలబడ్డారు. ఇద్దరిలో రచయితే కాస్త పొడుగు. రెండో పుస్తకం సీజరు పూర్వీకులు ఏ కులంవారో నిర్ద్వంద్వంగా నిరూపించింది. ఏ కులమో ఇక్కడ రాయను, మిగిలినవారు నొచ్చుకుంటారు. సంఘంలో ఆ కులంవారు ఇద్దరు ఉన్నందువల్ల దానికి మంచి మార్కులే పడ్డాయి.

మూడోది పలచటిది. ఏసురత్నం గారని ఒక కాలేజీ లెక్చరరు రాసి, అచ్చయిన కొన్నాళ్లకే కన్నుమూశారట. అట్ట మీద బొమ్మ లేదు. ముందుమాట ఒక్కటంటే ఒక్కటి లేదు. అయ్యో, మొదటి పేజీలోనే సీజరు పుట్టేస్తాడు! ఒక పెద్దమనిషి చేత నాలుగు మంచి ముక్కలు రాయించుకోలేని మనిషి ఇంకొకరి జీవితం ఏం రాస్తాడు? పైగా అక్కడక్కడ 'ఇది మనకు తెలియదు' అని ఒప్పేసుకున్నారు. తెలియనప్పుడు రాయడం దేనికని సంఘంలోని మరో సభ్యురాలు కల్పలత గారు అడిగారు. ఆవిడ డాక్టరేటు చేసినవారు కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు.

ప్రిసిల్లా టీచరు మాత్రం అదే ఉంచమని బతిమాలారు. సీజరు మంచీ చెడూ రెండూ చెప్పింది అదొక్కటేననీ, ఊరంతా వెతికినా ఇంకో ప్రతి దొరకలేదనీ, ఇది పోతే ఇక లేనట్టేననీ అన్నారు. హరికిషన్ గారిది జాలిగుండె.

"గంత ఇష్టముంటే ఇంటికి తీస్కపోండ్రి మేడం. ఎవరొద్దంటరు?"

"నేను చదివేసిన సర్. చదవనోళ్ల కోసమే అది ఈడ ఉండాలె."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. వెంటనే సర్దుకున్నాను.

రెండో సమావేశానికి ఆవిడ పూర్తిగా మారిపోయి వచ్చారు. తప్పు తనదేనన్నారు. ఆ పుస్తకానికి ఉన్న ఏకైక లోపం ముందుమాటలు లేకపోవడమేననీ, మళ్లీ అచ్చు వేయడానికి రచయిత కుటుంబం ఒప్పుకుందనీ, చిలకలగూడలో ప్రెస్సు మాట్లాడి వచ్చాననీ, మాలాంటివారు తలా ఒక ముందుమాట రాస్తే పుస్తకం తరిస్తుందనీ విన్నవించారు. హరికిషన్ గారు కళ్లద్దాలు సర్దుకుని, ఫోటో సుత పడుతుందా అని అడిగారు. రంగుల్లో పడుతుందన్నారు టీచరు.

అప్పుడు గాని ఆ పుస్తకం గొప్పతనం మాకు తెలిసిరాలేదు. 'మనకు తెలియదు' అనడంలోని శాస్త్రీయ దృష్టిని కల్పలత గారే కనిపెట్టారు. సీజరు కులంవారిద్దరూ కూడా ఫోటోల మాట విని, దేశాలు దాటిన మనిషికి కులమేమిటని విశాలంగా ఆలోచించారు. ఎంపిక ఏకగ్రీవం. మిగిలిన రెండు పుస్తకాలూ సాయంత్రానికల్లా పాత పేపర్ల బండి ఎక్కాయి.

ముందుమాటల హడావుడిలో పుస్తకం తెరవడానికి ఎవరికీ తీరలేదు. హరికిషన్ గారు తన ఉదయపు నడక గురించి రాసి, సీజరు కూడా నడిచే ఉంటాడని ముగించారు. నేను ఏసురత్నం గారితో నా స్నేహం గురించి రాశాను. ఆయన్ను నేనెన్నడూ చూడలేదు గాని, స్నేహానికి అదేమీ అడ్డం రాలేదు. పలచటి పుస్తకం కాస్తా ఇటుకంత అయింది.

బేగంపేటలోని ఒక హోటల్లో ఆవిష్కరణ ఘనంగా జరిగింది. శాలువాలు కప్పుకున్నాం. ఒకరి ముందుమాటను ఒకరం ఆకాశానికెత్తాం. భోజనాల వాసన వస్తుండగా ప్రిసిల్లా టీచరుకు రెండు నిమిషాలిచ్చారు. ఆవిడ మా అందరినీ ఒకసారి చూసి, నెమ్మదిగా అన్నారు:

"సీజరును పొడిచినోళ్లల్ల శానామంది సభల ఆయన్ను పొగిడినోళ్లే. ఈ పుస్తకంల ఉంది. గా ఒక్క పేజీ అన్న చదవండి సర్."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది నేనే. ఎంత గొప్ప మాట! తరువాతి ముద్రణకు రాయబోయే నా ముందుమాటను దానితోనే మొదలుపెడుతున్నాను. అది ఏ పేజీలో ఉందని హరికిషన్ గారిని అడిగితే కల్పలత గారిని అడగమన్నారు, ఆవిడ నన్ను అడగమన్నారు. టీచరునే అడగవచ్చు గాని, చదవలేదని తెలిసిపోతుంది. మీలో ఎవరైనా చదివి ఉంటే దయచేసి చెప్పండి. చదవలేదా? అయితే మీరూ ఒక ముందుమాట రాసి పంపండి, చోటుంది.