నొక్కితే తెరుచుకోని ఎంకమ్మ

మనిషి చెప్పే మాటకు ఆధారం కావాలని పెద్దలు ఎప్పుడో అన్నారు. ఆ ఆధారం నీలం రంగులో ఉండాలని, దాని కింద గీత ఉండాలని, నొక్కితే తెరుచుకోవాలని మాత్రం 2006లో వనపర్తిలోని ఒక డిగ్రీ కాలేజీ తేల్చి చెప్పింది. (కాలేజీ పేరు చెప్పను. చెబితే దానికీ లింకు అడుగుతారు.)

తనిఖీ బృందం వస్తోందని కబురు అందగానే, అధ్యాపకుల వ్యాసాలన్నీ వెబ్‌సైటులో కనబడాలని ప్రిన్సిపాల్ గారు ఆజ్ఞాపించారు. వెంటనే ‘ఆధారాల నీలీకరణ కమిటీ’ ఏర్పడింది. ఫిజిక్సు చెప్పే అనంతయ్య గారు దానికి కన్వీనర్. ఆయనకు కంప్యూటర్ ఆన్ చేయడం రాదు. అందువల్ల నిష్పక్షపాతంగా ఉంటారని అందరి నమ్మకం.

తెలుగు చెప్పే ప్రేమలత తన వ్యాసాన్ని మామూలు అక్షరాల ఫైలుగా టైపు చేసి, ఫ్లాపీలో పెట్టి ఇచ్చింది. పల్లి చేలల్లో కలుపు తీస్తూ పాడే పాటల మీద వ్యాసం అది. చివర ఆధారాల పట్టికలో కొన్ని పుస్తకాలు, వాటన్నిటికంటే పైన ఒక మనిషి: ‘ఎంకమ్మ, కూలీ, పాన్‌గల్’. పాటల్లో సగానికి పైగా ఆమె పాడినవే. “నీ పేరు లోకమంతా చూస్తది అవ్వా” అని ప్రేమలత ఆమెకు మాట ఇచ్చి వచ్చింది. ఏది పోయినా ఆ పేరు మాత్రం పోకూడదని ఆమె పట్టుదల.

పుస్తకాలు మొదట్లోనే ఓడిపోయాయి. అవి నాగర్‌కర్నూల్ లైబ్రరీలో ఉన్నాయి, చేత్తో తెరుచుకుంటాయి. చేత్తో తెరుచుకునే వస్తువును ఆధారంగా గుర్తించే నిబంధన లేదు. (బీరువా తాళంచెవి పోయింది కనుక అవి చేత్తో కూడా తెరుచుకోవని లైబ్రేరియన్ లిఖితపూర్వకంగా తెలియజేశారు. కమిటీ హర్షించింది.)

తరువాత ఎంకమ్మ వంతు వచ్చింది.

“ఈమె అడ్రసు ఏంది మేడం?” అన్నారు అనంతయ్య గారు.

“పాన్‌గల్ సార్. బస్సు దిగంగనే ఎవర్నడిగినా చెప్తరు.”

“ఎవర్నో అడుగుడు గాదు. నొక్కితే రావాలె.”

“మనిషి సార్ ఆమె. పిలిస్తే వస్తది.”

“పిలిస్తే వచ్చేది సాక్షి. నొక్కితే వచ్చేదే ఆధారం” అని ఆయన నిర్వచించారు. “లేకుంటే పేరు తీసేద్దాం.”

ప్రేమలత కళ్లలో నీళ్లు తిరిగాయట. వింటే నాకు ఒళ్లు మండింది. అప్పుడు ఆమెను ఆదుకున్నవాడు బస్టాండు ఎదుట నెట్ సెంటరు నడిపే ఈరన్న. ఫైళ్లను వెబ్ పేజీలుగా మార్చే గుత్త అతనిదే.

“పరేషాన్ గాకుండ్రి మేడం. కాలేజీ సైటుల తెరుచుకునే పేజీ ఒక్కటే ఉన్నది, ప్రిన్సిపాల్ సారు ఫోటోది. అన్ని పేర్లకు గదే లింకు ఇస్త. పేరు పోదు, కమిటీ అడగదు.”

పేరు దక్కుతుందంటే ప్రేమలత సరేనంది. తనిఖీ నాడు ఒక్కో ఆధారాన్నీ నొక్కి చూశారు. ప్రతిసారీ శాలువా కప్పుకున్న ప్రిన్సిపాల్ గారు తెరుచుకున్నారు. ఆధారాల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం తామెక్కడా చూడలేదని తనిఖీ బృందం మెచ్చుకుని వెళ్లింది.

లోకం నిజంగానే చూసింది. గద్వాలలో ఒక సాహిత్య సంఘం వారు వ్యాసం చదివి, ఎంకమ్మను నొక్కి, కలుపు పాటలు ప్రిన్సిపాల్ గారివని గ్రహించి, ఆయనకు సన్మానం పెట్టారు. ఆయన కాదనబోయారట, అంతలో శాలువా భుజాల మీద పడింది. తరువాత మైకు ముందు, చేలో నడుం వంచిన రోజులను తలుచుకుని కంటతడి కూడా పెట్టారు.

ఆ వారంలోనే ఎంకమ్మ మంచి చీర కట్టుకుని, తన పేరు చూసుకోవడానికి వనపర్తికి వచ్చింది. ఈరన్న కుర్చీ వేశాడు. ప్రేమలత పేరు చూపించింది. ఎంకమ్మ ముసిముసిగా నవ్వుతూ నొక్కింది. ప్రిన్సిపాల్ గారు వచ్చారు.

“ఈ సారు ఎవరు బిడ్డా?”

“మా ప్రిన్సిపాల్ సారు అవ్వా.” ప్రేమలత సిగ్గుతో తలెత్తలేకపోయింది.

“కలుపుకు ఎన్నడొచ్చిండు?”

ఎంకమ్మ ఫోటోను ఇంకోసారి ఎగాదిగా చూసింది.

“నా పేరు ఒత్తితే సారు వచ్చిండు. మరి సారు పేరు ఒత్తితే నేనొస్తనా?”

ప్రేమలత ఆ ప్రశ్ననే అర్జీగా రాసి కమిటీకి ఇచ్చింది. కమిటీ సమావేశమై, టీ తాగి, క్షుణ్ణంగా పరిశీలించి తీర్మానించింది: ప్రిన్సిపాల్ గారి పేరుకు ఆధారం అవసరం లేదు.